లోహమున మొలచు కొమ్మలు

కరగిన లోహము చల్లారునపుడు ఒక్కసారిగా బిగిసినట్లు తోచును. లోపల జరుగునది వేఱు. చిన్న స్ఫటికములు పుట్టి, నడిమి ఈనెనుండి పిల్ల ఈనెలు చీలినట్లు, కొమ్మలు కొమ్మలుగా సాగును. పూర్వము నిజామాబాదు సీమలోని కోనసముద్రపు ఉక్కుకొఱకు పారసీక వర్తకులు సయితము వచ్చెడివారు. అట్టి ఉక్కు కత్తులపై కనబడు అలలకు ఈ కొమ్మల నడుమ ద్రవ్యములు అసమముగా నిలిచిపోవుటయే మూలమని పలువురు శాస్త్రజ్ఞుల మతము.

కొమ్మ ఏల పుట్టును? గడ్డకట్టు లోహము వేడిమిని వెలిగ్రక్కును. తనలో ఇముడని ద్రవ్యమును బయటికి నెట్టును. పొడుచుకొనివచ్చిన మొనచుట్టు వీనికి చోటెక్కువ గనుక మొన త్వరగా సాగును. తలతన్యత దానిని అడ్డగించును.

ఈ పెనుగులాటను కంప్యూటరుపై చూడవచ్చును. జపాను శాస్త్రజ్ఞుడు ర్యో కొబయాషి 1993లో ప్రకటించిన పద్ధతి పేరొందినది. చోటునంతయు చిన్న గడులుగా విభజింతురు. ద్రవమునకు 0, ఘనమునకు 1, సరిహద్దున నడిమి సంఖ్యలు. ప్రతి గడియు తన వేడిమిని, పొరుగు గడులను బట్టి క్షణక్షణము సంఖ్యను మార్చుకొనును. కొమ్మను గీయుమని ఎవ్వరును చెప్పరు. అయినను కొమ్మ మొలచును! మిశ్రమలోహమైనచో ద్రవ్యముల పాళ్లను గూడ లెక్కింపవలెను.

హైదరాబాదున కంప్యూటరనగానే 1998లో సైబర్ టవర్స్ వెలసిన హైటెక్ సిటీ తలపునకు వచ్చును. లోహవిద్యకు నెలవు నగరపు మఱియొక కొననున్న కంచన్‌బాగు. అచ్చటి రక్షణ లోహశాస్త్ర పరిశోధనాలయము, హెలికాప్టరు ఇంజనుకొఱకు ఏకస్ఫటికముగా పోసిన 60 టర్బైను రెక్కలను 2021 నాటికి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందించెను. స్ఫటికములు పెక్కులైనచో వాని నడిమి అతుకులు మహోష్ణమున సడలును. ఏకస్ఫటికమున అతుకే యుండదు. కాని పోతలో దారితప్పిన స్ఫటిక మొక్కటి మొలచినను రెక్క బలము చెడును. మూసను ఏ వేగమున చల్లార్పవలెనో ముందే యెఱుగుటకు ఇట్టి లెక్కలు అక్కఱకు వచ్చును. లెక్క యెంత చక్కనిదైనను, పోసిన రెక్కను ఎక్స్‌రేలతో పరీక్షింపక ఇంజనులో బిగింపరు.