ఒక్క పాటైనా చివరిదాకా రావాలి
గిటారు: ప్రశ్నలు - జవాబులు

సినిమా పాటలు, భజన పాటలు గిటారు మీద నేర్చుకుంటున్నవారి ప్రశ్నలివి. తొండూరు, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నుంచి అడిగినవాటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: దగ్గర్లో నేర్పేవాళ్లు దొరక్క యూట్యూబ్ చూసి నేర్చుకుంటున్నాను. ఏ పాటైనా మొదట్లో వచ్చే మ్యూజిక్ బిట్ వాయించేస్తాను. పల్లవి సగం దాకా వచ్చేసరికి ఇంకో పాట మీదికి మనసు పోతుంది. ఒక్కటీ పూర్తి కాలేదు.
- ఇంటర్ విద్యార్థి, తొండూరు

జవాబు: పది చోట్ల పదేసి అడుగులు బోరు వేస్తే మన నేలలో నీళ్లు పడతాయా? ఒక్క పాట ఎంచుకోండి. అది పూర్తయ్యేదాకా రెండోదాన్ని ముట్టుకోకండి. నిదానంగా నడిచే పాట, నాలుగైదు కార్డ్స్‌తో సరిపోయేది, మాటలు మీకు కంఠతా వచ్చినది అయితే మేలు.

మీరు మొదలుపెట్టే వరసే తిరగబడింది. ఆ మ్యూజిక్ బిట్ స్టూడియోలో చేయి తిరిగినవాళ్లు వాయించినది. దాన్ని ఆఖరికి పెట్టుకోండి. ముందు గిటారు పక్కన పెట్టి, చేత్తో తాళం వేస్తూ పల్లవీ చరణాలూ పాడండి. అక్కడ తాళం తప్పితే గిటారు మీదా తప్పుతుంది. తర్వాత దెబ్బకొక్కసారి కిందికి మాత్రమే కొడుతూ కార్డ్స్ మార్చండి. ఆగకుండా సాగితేనే కిందికీ పైకీ స్ట్రమ్మింగ్ మొదలుపెట్టండి. చరణం ముగించి మళ్లీ పల్లవి అందుకునే మలుపులో చాలామంది తడబడతారు. ఆ రెండు లైన్లనే విడిగా తీసుకుని సాధన చేయండి. వీడియో వేగం 0.75కు తగ్గిస్తే నడక నెమ్మదిస్తుంది, శ్రుతి మారదు. తప్పు పడితే మొదటికి పోవద్దు, తాళం వదలకుండా ముందుకే పోండి.

ప్రశ్న: ఎఫ్ కార్డ్ పట్టలేకపోతున్నాను. వేలు నొప్పి పుడుతుంది, తీగలు మూగగా పలుకుతాయి. ఎఫ్ ఉన్న పాటలన్నీ వదిలేస్తున్నాను.
- డిగ్రీ విద్యార్థిని, పులివెందుల

జవాబు: లోపం వేలిదో గిటారుదో ముందు తేల్చుకోండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు స్కేలుతో చూడండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లయితే పర్వాలేదు. మూడు దాటితే ఎవరి వేలికైనా కష్టమే. రిపేరు తెలిసినవాళ్ల చేత తీగల ఎత్తు తగ్గించుకోండి. మన ఎండల్లో గిటారును రేకుల కప్పు కింద గానీ, అద్దాలు మూసిన కారులో గానీ వదిలేస్తే జిగురు సడలుతుంది, మెడ వంగుతుంది, తీగలు ఇంకా పైకి లేస్తాయి.

గిటారు బాగానే ఉంటే ప్రస్తుతానికి చిన్న ఎఫ్ పట్టండి. చూపుడువేలితో మొదటి ఫ్రెట్‌లో ఒకటి, రెండు తీగలు, నడిమివేలితో రెండో ఫ్రెట్‌లో మూడో తీగ, ఉంగరంవేలితో మూడో ఫ్రెట్‌లో నాలుగో తీగ. లావుగా ఉండే రెండు తీగలూ కొట్టవద్దు. పాట ఆగదు, వేలికి బలమూ వస్తుంది. పూర్తి ఎఫ్‌కు వచ్చినప్పుడు చూపుడువేలి పొట్టతో కాక కాస్త పక్కకు తిప్పి, ఫ్రెట్ కడ్డీకి ఆనించినట్టు నొక్కండి.

ప్రశ్న: నెట్‌లో దొరికే కార్డ్స్ పాటతో కలవడం లేదు. ఒక్కో చోట ఒక్కో రకంగా ఉన్నాయి. చెవితో పట్టుకోవడం నాకు సాధ్యమా?
- ప్రైవేటు ఉద్యోగి, ముద్దనూరు

జవాబు: సాధ్యమే. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ సంగతి చూడండి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. కర్ణాటక సంగీతం అంతా ఆ చిన్న వాద్యం మీదికి అలాగే వచ్చింది.

మీరు చేయాల్సింది ఇది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని బేస్ గిటారు ఒక్కటే వినండి. అది ఎక్కడ మారుతుందో అక్కడే సాధారణంగా కార్డ్ మారుతుంది. ఆ స్వరాన్ని ఆరో తీగ మీదో ఐదో తీగ మీదో వెతకండి. దాని మీద మేజర్ వేసి చూడండి, పొసగకపోతే మైనర్ వేయండి. పాట జీ మేజర్‌లో ఉందనుకుంటే జీ, సీ, డీ మేజర్లు, ఏ, బీ, ఈ మైనర్లు, ఈ ఆరింటితోనే చాలా భాగం నడుస్తుంది. సంగీతం కాస్త తెలిసినవారికి ఇంకో మాట: మేజర్ స్కేలు మన ధీర శంకరాభరణం స్వరాలే, నేచురల్ మైనర్ నటభైరవి స్వరాలే.

ప్రశ్న: మా ఊరి రామాలయంలో భజనకు గిటారు తెమ్మన్నారు. హార్మోనియం పెద్దాయన "నాలుగు శ్రుతి" అంటాడు. నాకు సీ, డీ తప్ప ఆ లెక్క తెలియదు.
- యువకుడు, జమ్మలమడుగు దగ్గరి పల్లె

జవాబు: ఒకటి శ్రుతి అంటే సీ. రెండు డీ, మూడు ఈ, నాలుగు ఎఫ్, ఐదు జీ, ఆరు ఏ, ఏడు బీ. "అర" అంటే పక్కనున్న నల్లమెట్టు: ఒకటిన్నర సీ షార్ప్, ఐదున్నర జీ షార్ప్. మూడున్నర ఉండదు, ఎందుకంటే ఈకీ ఎఫ్‌కీ మధ్య నల్లమెట్టు లేదు.

కేపో ఒక ఫ్రెట్ జరిగితే శ్రుతి అర మెట్టు పెరుగుతుంది. నాలుగు శ్రుతికి మూడో ఫ్రెట్‌లో కేపో పెట్టి డీ కార్డ్స్ వేయండి, లేదా ఐదో ఫ్రెట్‌లో పెట్టి సీ కార్డ్స్ వేయండి. ఐదున్నరకు మొదటి ఫ్రెట్‌లో కేపో, జీ కార్డ్స్. ఫోన్‌లోని ట్యూనర్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. పాత హార్మోనియం కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు. పెద్దాయన్ను మెట్టు నొక్కి పట్టమని, దానికే తీగలు కలపండి. చెక్కభజన అయితే నడక పోనుపోను వేగం అందుకుంటుంది. అప్పుడు కార్డ్స్ తగ్గించి, షడ్జమ పంచమాలతో కిందికి దెబ్బలు వేస్తే చాలు.

ప్రశ్న: నేను వాయించి పాడిన సినిమా పాటకు యూట్యూబ్‌లో కాపీరైట్ నోటీసు వచ్చింది. నా గొంతు, నా గిటారు. ఇదెక్కడి న్యాయం?
- పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: గొంతు మీదే, బాణీ, మాటలు మీవి కావు. వాటికి హక్కుదారులున్నారు. వచ్చింది "క్లెయిమ్" అయితే భయం లేదు. చాలాసార్లు వీడియో ఉంటుంది, ప్రకటనల డబ్బు వాళ్లకు పోతుంది. "స్ట్రైక్" అయితే జాగ్రత్తపడాలి. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు. ఒరిజినల్ ట్రాక్‌ను వెనక పెట్టుకోవద్దు.

పెళ్లిళ్లలో వాయించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. టికెట్టు పెట్టే కార్యక్రమాలకు లైసెన్సు కావాలి, అది నిర్వాహకులు చూసుకోవాల్సిన పని. అన్నమయ్య పదాలు వాయిస్తే సాహిత్యానికి ఇబ్బంది లేదు, ఆయన 1503లోనే వెళ్లిపోయారు. కానీ ఇప్పుడు మనం వినే బాణీల్లో చాలావాటిని ఇటీవలి విద్వాంసులు కట్టారు. వాటికి హక్కులుండొచ్చు, వారి పేరు మాత్రం తప్పక వేయండి.

ప్రశ్న: మావాడు ఎప్పుడు చూసినా ఎవరివో పాటలే వాయిస్తాడు. ఇది కాపీ కొట్టడం కాదా? సొంతంగా ఏమన్నా వస్తుందా?
- ఒక తండ్రి, సింహాద్రిపురం

జవాబు: అయ్యా, బీటిల్స్ మొదటి ఆల్బమ్ 1963లో వచ్చింది. అందులోని 14 పాటల్లో ఆరు ఇతరులవే. ఇళయరాజా చిన్నతనంలో అన్న వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి వాయించారు. పదిమంది పాటలు చేతికి ఎక్కినవాడికే తన బాణీ తోస్తుంది. చదువు దెబ్బతింటుందని మీ భయమైతే రోజుకు అరగంట అని గడువు పెట్టండి, అరగంటలో ఒక్క పాటే అని నియమం పెట్టండి. నెలాఖరున ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని, ఫోను చూడకుండా ఆ పాట మొత్తం వాయించమనండి. మీరూ గొంతు కలపండి.

పాఠకులకు మనవి: ప్రశ్న పంపేటప్పుడు పాట పేరు, మీరు పాడే శ్రుతి, పాటలో సరిగ్గా ఏ చోట ఆగిపోతున్నారో రాయండి. "గిటారు రావడం లేదు" అని మాత్రమే రాస్తే జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు.