మంచు మీద పరిగెత్తే బండి


మంచు అంటే మనకి తెలిసింది తెల్లారగట్ల కొండల మీద కమ్ముకునే పొగమంచే. పొద్దెక్కితే పోతుంది. కెనడాలో అలా కాదు. చలికాలమంతా పిండిలాగా పడి, మోకాలి లోతు, ఒక్కోచోట మనిషెత్తు పేరుకుపోతుంది. 1930 ప్రాంతంలో అక్కడి పల్లెల్లో చలికాలం వస్తే కార్లు షెడ్లో పెట్టేసి, గుర్రాలు లాగే జారుడు బండ్ల మీద తిరిగేవారు.

అలాంటి ఊరే క్యుబెక్ రాష్ట్రంలోని వాల్కూర్. జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1907లో ఆ ప్రాంతంలోనే పుట్టాడు. (పేరు కష్టమే, రెండుసార్లు చదివితే వస్తుంది.) 15వ ఏట తండ్రి ఇచ్చిన పాత ఫోర్డు ఇంజనుకి విమానం ఫ్యానులాంటిది బిగించి, కింద జారుడు చెక్కలు పెట్టి, తమ్ముడితో కలిసి మంచు మీద తోలాడు. బండి నడిచింది! కానీ ఆ ఫ్యాను ఎవరి తల తీసేస్తుందోనని తండ్రి భయపడి, వెంటనే విప్పేయమన్నాడు. 19వ ఏట ఊళ్ళోనే గ్యారేజీ పెట్టాడు. పగలు రిపేర్లు, తీరికైతే మంచు బండి ప్రయోగాలు.

1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుకు ఇవోన్‌కి అపెండిక్స్ పగిలి కడుపంతా విషమెక్కింది. ఆపరేషన్ చెయ్యాలి. ఆసుపత్రి 50 కిలోమీటర్ల దూరంలో షెర్‌బ్రూక్ పట్నంలో ఉంది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. గ్యారేజీలో ఉన్న బండి ఇంకా నడిచే స్థితిలో లేదు. పిల్లవాడు చనిపోయాడు. వాగు పొంగినప్పుడు డోలీ కట్టి మనిషిని మోసుకెళ్ళిన ఊళ్ళవాళ్ళం మనలో చాలామంది ఉన్నాం, ఆ తండ్రి సంగతి మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ కొంచెం సైన్సు. బండి మంచులో ఎందుకు దిగబడుతుంది? బరువంతా చక్రాల కింద కొద్దిపాటి చోటు మీదే పడుతుంది గనుక. 50 కిలోల మనిషి రెండు పాదాలూ కలిపి 300 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద దాదాపు 167 గ్రాములు పడుతుంది. అదే మనిషి మీటరు పొడవు, పావు మీటరు వెడల్పు ఉన్న పలక మీద నిలబడితే, పలక బరువు వదిలేస్తే, 20 గ్రాములే! నమ్మకపోతే బురదలో పలక వేసి చూడండి. (బట్టలు పాడైతే నన్ను అనొద్దు.)

అందుకని బొంబార్డియే వెనక చక్రాలకి బదులు బుల్డోజరు చైనులాగా తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టా పెట్టాడు. ముందు స్టీరింగుకి జారుడు చెక్కలు. చిక్కంతా పట్టాని తిప్పడంలో వచ్చింది. దానికి సైకిలు పళ్ళ చక్రంలాంటిది చేసి, రబ్బరు తొడిగాడు. 1937లో దీనికి పేటెంటు దొరికింది. ఏడుగురు కూర్చునే ‘బి7’ అమ్మకానికి వచ్చింది. 1942లో కంపెనీ పెట్టాడు, పన్నెండుగురు పట్టే ‘బి12’ తయారైంది. డాక్టర్లు, తపాలావాళ్ళు వీటిలోనే తిరిగారు. బడిపిల్లల కోసం పాతికమంది పట్టే బండి కూడా చేశాడు.

1948లో క్యుబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద మంచు తీయించడం మొదలుపెట్టింది. జనానికి మేలే, కంపెనీకి దెబ్బ. కార్లే తిరుగుతుంటే మంచు బండి ఎవరు కొంటారు? ఆయన బురద నేలల్లో, అడవుల్లో పనికొచ్చే పట్టా ట్రాక్టర్ల వైపు మళ్ళి నిలదొక్కుకున్నాడు.

తర్వాత తేలికైన చిన్న ఇంజన్లు వచ్చాయి. 1959లో మోటారు సైకిలులాగా ఎక్కి తోలే ‘స్కీ-డూ’ తెచ్చాడు. కుక్కల బండికి బదులు గనుక ‘స్కీ-డాగ్’ అందామనుకున్నారట, అచ్చుతప్పు వల్ల ‘డూ’ అయిందని చెబుతారు. మన గోడపత్రికలో అచ్చుతప్పులు చూసి నవ్వేవాళ్ళు గమనించాలి! మొదటి ఏడాది 225 అమ్ముడయ్యాయి. 1964లో ఆయన చనిపోయాడు.

ఫిన్లాండు ఉత్తరాన దుప్పిలాంటి రెయిన్‌డీర్‌లను మేపుకునే సామీ జనం దగ్గరికి 1960లలో ఈ బండ్లు చేరాయి. రోజంతా పట్టే దారి గంటల్లో అయిపోయింది. కానీ బండికి, పెట్రోలుకి డబ్బు కావాలి కదా! లేనివాళ్ళు మందలు వదులుకోవాల్సి వచ్చింది. శబ్దానికి మందలు బెదిరిపోయేవి. ఈ సంగతి కంపెనీ కథల్లో తక్కువగా కనిపిస్తుంది.

కంపెనీ తర్వాత రైళ్ళు, విమానాలు కూడా చేసింది. ఢిల్లీ మెట్రో పెట్టెలు కొన్ని గుజరాత్‌లోని దాని ఫ్యాక్టరీలో తయారైనవే. రైళ్ళ విభాగాన్ని 2021లో ఆల్‌స్తోమ్ కొనుక్కుంది. మంచు బండ్ల విభాగం 2003లోనే విడిపోయి ‘బీఆర్‌పీ’ అయింది. 1998 నుంచి వచ్చిన నాలుగు చక్రాల ఏటీవీలు కూడా దానివే. వాటి టైర్లు లావుగా, గాలి తక్కువగా ఉంటాయి. ఎందుకో పైన పలక లెక్క చేసినవాళ్ళు చెప్పేస్తారు.

వాల్కూర్‌లో ఆయన పాత గ్యారేజీని మ్యూజియంలో జాగ్రత్తగా ఉంచారు.