ఫోన్ ఆగిన చోట వెతకడం మొదలు



ఆరో తరగతి సోషల్‌లో అక్షాంశాలు, రేఖాంశాల పాఠం రాగానే ఎవరో ఒకరు అడుగుతారు: "మ్యామ్, ఇవి మనకెందుకు?" గ్లోబు మీద గీతలుగా మాత్రమే చూసిన పిల్లలు అలా అడగడంలో తప్పేం లేదు. ఆ అంకెలు పట్టుకుని నడిచి వెళ్లి, అక్కడ ఎవరో దాచిన డబ్బాను వెతికి పట్టుకునే ఆట ఒకటుంది. పేరు జియోక్యాషింగ్. ఈ సెలవుల్లో మీరూ, పిల్లలూ కలిసి ఆడి చూడండి.

2000 మే 2న అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తేడాను తీసేసింది. ఆ మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్ దాచి, అది ఎక్కడుందో అంకెల్లో ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆట అలా మొదలైంది. ఇప్పుడు జియోక్యాషింగ్ యాప్‌లో ప్రపంచమంతటా ఇలాంటి డబ్బాలు లక్షల్లో ఉన్నాయి. మన ఊళ్లలో మాత్రం తక్కువే, అందుకే పిల్లలకు మాటిచ్చే ముందు యాప్‌లో మ్యాప్ ఒకసారి చూసుకోండి.

మొదటిసారికి కష్టం 1 లేదా 1.5 అని ఉన్నది, సైజు కాస్త పెద్దది ఎంచుకోండి. 'మైక్రో' అన్నవి పాత కెమెరా ఫిల్మ్ డబ్బా అంత, కొన్ని ఇంకా చిన్నగా ఉంటాయి. వాటితో మొదలుపెడితే పిల్లలు అరగంటలో విసిగిపోతారు. అంతకుముందు వెళ్లినవాళ్లు రాసిన మాటలూ చదవండి. చివరి నలుగురైదుగురూ దొరకలేదని రాస్తే, డబ్బా అక్కడ లేకపోవచ్చు.

అంకెలను పిల్లల చేతే చదివించండి. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. అందులో 60వ వంతు, అంటే ఒక నిమిషం, సుమారు 1.85 కిలోమీటర్లు. యాప్ నిమిషాలను దశాంశ బిందువు తర్వాత మూడు అంకెల వరకు చూపిస్తుంది. చివరి అంకె ఒకటి మారితే రెండు మీటర్లలోపే తేడా. బిందువు పక్క అంకె ఒకటి మారితే 185 మీటర్లు, అంటే పక్క వీధిలో వెతుకుతుంటాం! దశాంశ స్థానాల లెక్కకు ఇంతకంటే మంచి హోంవర్క్ నాకు తెలియదు.

అసలు కిటుకు చివరి పది మీటర్లలో ఉంది. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చెట్ల కింద, ఎత్తైన భవనాల పక్కన ఇంకా ఎక్కువ. దాచినవాళ్ల ఫోన్‌కీ అంతే తేడా ఉండి ఉంటుంది. పిల్లలు బాణం గుర్తు వెంట గుండ్రంగా తిరుగుతూనే ఉంటారు. అక్కడ ఫోన్ జేబులో పెట్టించి, "నువ్వయితే ఎక్కడ దాచేవాడివి?" అని అడగండి. చెట్టు తొర్ర, బెంచీ అడుగు భాగం, రాళ్ల సందు చూపిస్తారు. సహజంగా లేనిదేదో కళ్లతో పట్టుకోవాలి: వరసగా పేర్చినట్టున్న రాళ్లు, ఒకేచోట పోగుపడ్డ పుల్లలు. అప్పటికీ కనిపించకపోతే యాప్‌లోని క్లూ చూడొచ్చు, ముందే చూస్తే మజా పోతుంది.

జాగ్రత్తల విషయంలో మాత్రం నేను కాస్త కఠినంగానే చెబుతాను. సందుల్లో, తొర్రల్లో చెయ్యి పెట్టనివ్వకండి; ముందు కర్రతో కదిలించాలి, పాములు, తేళ్లు ఉండొచ్చు. తవ్వే పని లేదు, స్థలం యజమాని అనుమతి లేకుండా పాతిపెట్టడం ఈ ఆట నియమాలకే విరుద్ధం. యాప్‌లో రాసిన వర్ణనతో సరిపోలని సంచీ, పెట్టె ఏది కనిపించినా ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. బస్టాండులో, రైల్వే స్టేషన్లో మైకులో చెప్పే మాట ఇక్కడా వర్తిస్తుంది. పెద్దవాళ్లు లేకుండా పిల్లల్ని పంపవద్దు.

దగ్గర్లో ఏదీ లేదా? తాతగారి ఊళ్లో, అపార్ట్‌మెంట్ ఆవరణలో మీరే ఒక మూత గట్టి డబ్బా దాచి, అంకెలు కాగితం మీద రాసివ్వండి. లోపల చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఉంచండి. తినేవి వద్దు, చీమలు పడతాయి. దొరికాక పేరు, తేదీ రాయాలి. ఒక వస్తువు తీసుకుంటే అంత విలువైనదే ఇంకొకటి పెట్టాలి. డబ్బాను ఉన్నచోటే, ఉన్నట్టే దాచాలి.

యాప్‌లోని డబ్బా ఎంత వెతికినా దొరక్కపోతే, దొరకలేదనే అందులో రాయించండి. అది చూసి దాచినవాళ్లు వెళ్లి సరిచూసుకుంటారు.