మురుగునీరు చెప్పిన లెక్క

విద్యార్థులారా! హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున లింగంపల్లి కలదు. అచ్చటినుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు హైటెక్ సిటీ మీదుగా నగరములోనికి పోవును. ఉదయమున ఆ స్టేషను ఉద్యోగులతోను, కూలీలతోను, విద్యార్థులతోను క్రిక్కిరిసి యుండును. 2020వ సంవత్సరము మార్చి నెలలో ఆ సందడి ఒక్కమారుగా అణగిపోయెను. కరోనా మహమ్మారి కారణముగా దేశమంతటను రాకపోకలు నిలిచెను. ఆగిన ఆ రైళ్లు 2021 జూనులో గాని మరల నడువలేదు.

ఆ దినములలో పెద్దలను వేధించిన ప్రశ్న ఒకటి కలదు. నగరమున ఈ వ్యాధి ఎందరికి సోకినది? ఆ సంఖ్య తెలియనిదే ఆసుపత్రులలో ఎన్ని పడకలు, ఎంత ప్రాణవాయువు సిద్ధపరుపవలెనో తెలియదు. కాని నగరవాసుల నందరను ఒక్కొక్కరినిగా పరీక్షించుట సాధ్యమా? పైగా కొందరికి వ్యాధి సోకినను దగ్గుగాని జ్వరముగాని కనబడదు. తమకు వ్యాధి కలదని వారే యెరుగరు. ఎరుగకయే ఇతరులకు అంటింతురు.

ఈ చిక్కును విప్పుటకు నగరమునకు తూర్పువైపున గల రెండు పరిశోధనాలయములు పూనుకొనెను. అందొకటి హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. ఇది జీవకణముల రహస్యములను శోధించు సంస్థ. రెండవది తార్నాకలోని ఐ.ఐ.సి.టి. ఇది 1944లో వెలసిన రసాయన పరిశోధన సంస్థ. మనము ముక్కు మూసికొని దాటిపోవు మురుగునీటినే వారు పరీక్షింపబూనిరి.

ఎందువలన? వ్యాధి సోకినవారి మలములో వైరసు అవశేషములు సుమారు 35 దినములవరకు వెలువడవచ్చును. లక్షణములు గలవారు, లేనివారు, ఇటీవల కోలుకొన్నవారు అందరి గుర్తులును ఆ నీటిలో కలియును. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును గదా!

హైదరాబాదులో దినమునకు సుమారు 180 కోట్ల లీటర్ల నీరు వాడుచుండిరి. అందు నూటికి 40 వంతులు మాత్రమే శుద్ధికేంద్రములను చేరుచుండెను. శాస్త్రజ్ఞులు ఆ కేంద్రములలో నూటికి 80 వంతులనుండి నమూనాలు తెప్పించిరి. వానిని వడపోసి, వైరసునకు మూలమైన ఆర్.ఎన్.ఏ. అను పదార్థమును వేరుచేసిరి. దానికి నకళ్లు తీసి, ఒకటిని రెండుగా, రెంటిని నాలుగుగా యంత్రమున పెంచిరి. కొద్ది రెట్టింపులకే జాడ తెలిసినచో మొదట వైరసు హెచ్చుగా ఉన్నదనియు, అనేక రెట్టింపులు కావలసివచ్చినచో స్వల్పముగా ఉన్నదనియు గ్రహింపవలెను.

2020 ఆగస్టులో ఫలితము వెల్లడియయ్యెను. శుద్ధికేంద్రములను చేరిన నీటిలో సుమారు 2 లక్షలమంది గుర్తులు కనబడెను. ఆ లెక్కను నగరమంతటికి విస్తరింపగా 6 లక్షల 60 వేలమంది, అనగా నూటికి 6.6 మంది, అయిరి. అప్పటికి పరీక్షలలో బయటపడినవారు రాష్ట్రమంతటను సుమారు ఒక లక్ష మాత్రమే! కంటికి కనబడిన వ్యాధికంటె కనబడని వ్యాధియే మిక్కుటమని దీనివలన తేలెను. అందు పెక్కుమందికి ఆసుపత్రి అవసరమే కలుగలేదనియు తెలిసెను. ఇది అంచనాయే గాని తల లెక్కించిన సంఖ్య కాదు. అయినను చీకటిలో నడచువానికి చిన్న దీపమైనను మేలే.

1854లో లండను నగరమున కలరా చెలరేగినపుడు, జాన్ స్నో అను వైద్యుడు మృతుల ఇండ్లను పటముపై గుర్తించి, ఆ కీడు ఒక వీధి పంపునుండి వచ్చుచున్నదని కనిపెట్టెను. ఆనాడు త్రాగు నీరు సాక్ష్యము చెప్పెను. మన నగరమున పారవేసిన నీరు చెప్పెను.

ఈ పరీక్షలో ఎవరి పేరును అడుగలేదు. ఎవరి యింటిని వేలెత్తి చూపలేదు. మేడలోని నీరును, చిన్న యింటి నీరును ఒకే కాలువలో కలిసి నగరమంతటి క్షేమమునకు ఉపకరించెను. ఆ నీటిని సీసాలలో పట్టి తెచ్చినవారి శ్రమయు ఈ శోధనలో భాగమే.

కాబట్టి విద్యార్థులారా! మురుగుకాలువ ప్రక్కగా పోవునపుడు ముక్కు మూసికొనిన తప్పులేదు. బుద్ధిని మాత్రము మూసికొనకుడు.