పెషావర్ నేర్పే పాఠం

ఎక్కడో ఉగ్రవాదుల దాడి జరిగిందని టీవీలో వార్త వస్తే మన చుట్టూ రెండు మాటలు వినిపిస్తాయి. ‘అంతా ఆ మతం వల్లే’ అంటారు కొందరు. ‘దీనికీ మతానికీ సంబంధమే లేదు’ అంటారు ఇంకొందరు. వీటిలో ఏది నిజం? ఒక ఊరి చరిత్ర చదివి, మనమే ఆలోచిద్దాం.

ఆ ఊరు పెషావర్. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. 1947కు ముందు అది బ్రిటిష్ ఇండియాలో వాయవ్య సరిహద్దు రాష్ట్రానికి ముఖ్యపట్టణం. అక్కడ ఎక్కువమంది పఠాన్లు. పదో తరగతి చరిత్ర పాఠంలో శాసనోల్లంఘన ఉద్యమం దగ్గర మనకు అబ్దుల్ గఫార్ ఖాన్ పేరు కనిపిస్తుంది. మనం ‘సరిహద్దు గాంధీ’ అని పిలుచుకునేది ఆయననే.

ఆయన 1890లో పెషావర్‌కు దగ్గరలోని ఉత్మంజాయ్‌లో పుట్టారు. పగ తీర్చుకోవడమే పరువు అని నమ్మే సమాజం అది. తాతల నాటి తగాదాకు మనవలు ప్రాణాలు ఇచ్చేవారు. చదువు లేకపోతే ఈ పగలు పోవని ఆయన 1910లో ఊళ్లో బడి పెట్టారు. 1929లో ‘ఖుదాయీ ఖిద్మత్‌గార్’ అనే దళాన్ని స్థాపించారు. ఆ పేరుకు ‘దేవుని సేవకులు’ అని అర్థం. చేరేవారు దేవుని పేరు మీద ప్రమాణం చేయాలి. దేవుడు సృష్టించిన మనుషులకు సేవ చేస్తామని, హింసకు దిగమని, పగ తీర్చుకోమని, తమను బాధపెట్టినవారిని క్షమిస్తామని ఆ ప్రమాణం. ఓర్పే ప్రవక్త చూపిన ఆయుధమని గఫార్ ఖాన్ చెప్పేవారు. ఆయన మతాన్ని పక్కన పెట్టి అహింసను బోధించలేదు. మతం నుంచే అహింసను తీసి చూపించారు.

1930 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆయనను అరెస్టు చేసింది. 23వ తేదీన పెషావర్‌లోని ఖిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధులైన జనంపై కాల్పులు జరిగాయి. ఎందరో చనిపోయారు. అప్పుడు చంద్ర సింగ్ గఢ్వాలీ అనే సైనికుడి నాయకత్వంలో గఢ్వాల్ రైఫిల్స్ జవాన్లు కొందరు తుపాకీ పేల్చడానికి ఒప్పుకోలేదు. వారు హిందువులు. ఎదురుగా ఉన్న జనంలో ఎక్కువమంది ముస్లింలు. ఆ జవాన్లు జైలుకు వెళ్లారు గాని కాల్చలేదు.

ఇక అదే పెషావర్‌లో మరో రోజు. 2014 డిసెంబర్ 16. తెహ్రీక్-ఎ-తాలిబాన్ పాకిస్తాన్ సంస్థకు చెందిన సాయుధులు ఆర్మీ పబ్లిక్ స్కూల్లోకి చొరబడ్డారు. 140 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది విద్యార్థులు. చాలామంది సైనిక కుటుంబాల పిల్లలు. అలాంటి ఇళ్లు ఎలా ఉంటాయో మనలో చాలామందికి తెలుసు. 2016 జనవరి 20న, గఫార్ ఖాన్ వర్ధంతి రోజునే, చార్సద్దాలో ఆయన పేరుతో ఉన్న విశ్వవిద్యాలయంపై కూడా దాడి జరిగింది. ఈ రెండు చోట్లా చంపినవారు మతం పేరు చెప్పారు. చనిపోయినవారిలో అత్యధికులది కూడా అదే మతం.

ఒకే నేల, ఒకే ప్రజలు, ఒకే గ్రంథం. మరి మారిందేమిటి?

మొదటిది, అహింస నేర్పేవారిని అణచివేశారు. దేశ విభజన తరువాత 1948లో పాకిస్తాన్ ప్రభుత్వం ఖుదాయీ ఖిద్మత్‌గార్లను నిషేధించింది. గఫార్ ఖాన్ మళ్లీ ఏళ్లతరబడి జైళ్లలో గడిపారు. రెండోది, యుద్ధం. 1979లో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి వచ్చాయి. లక్షలాది కాందిశీకులు సరిహద్దు దాటి పెషావర్ చుట్టుపక్కల శిబిరాల్లో చేరారు. సోవియట్లతో పోరాడేవారికి అమెరికా, సౌదీ అరేబియా డబ్బు, ఆయుధాలు పంపాయి. అవి పాకిస్తాన్ ద్వారా వెళ్లాయి. శిబిరాల్లో పెరిగిన ఎందరో పిల్లలకు యుద్ధం తప్ప మరో లోకం తెలియలేదు. పోరాడటమే అన్నిటికన్నా గొప్ప ధర్మమని వారిలో కొందరికి నేర్పారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మతానికి సంబంధమే లేదనడం సరికాదు. మతం మనిషికి ధైర్యాన్ని, నమ్మకాన్ని, తోడునిస్తుంది. ఉగ్రవాదులు ఆ బలాన్నే వాడుకుంటారు. అంతా మతం వల్లే అనడమూ సరికాదు. అదే బలంతో గఫార్ ఖాన్ వేలాదిమంది చేత పగ మాన్పించారు. ఏ మతానికీ ఇందులో మినహాయింపు లేదు. 1948లో గాంధీజీని చంపినవాడు, 1995లో ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ను కాల్చినవాడు తమ మతాన్ని కాపాడుతున్నామనే అనుకున్నారు. అదే ఏడాది టోక్యో మెట్రోలో విషవాయువు వదిలింది కూడా ఒక మత సంస్థే.

కాబట్టి మనం గమనించాల్సింది ఎవరిది ఏ మతమని కాదు, ఎవరు ఏం నేర్పుతున్నారని. ‘మనం ప్రమాదంలో ఉన్నాం’, ‘వాళ్లంతా ఒక్కటే’, ‘వాళ్లను కొడితే పుణ్యం’ - ఈ మూడు మాటలు కలిసి వినిపిస్తే జాగ్రత్త పడాలి. అవి వేదిక మీద వినిపించినా, ఫోన్‌లో వచ్చినా సరే.

రెండు మూడేళ్లకోసారి మనం బడి మారుతాం. కొత్త తరగతిలో పక్కన కూర్చునేది ఎవరో ముందుగా తెలియదు. ఏదో ఊళ్లో ఎవరో చేసిన నేరానికి ఆ పిల్లవాడిని అతని పేరు చూసి జవాబు అడిగితే, ‘వాళ్లంతా ఒక్కటే’ అనే మాటను మనమే పలికినట్లవుతుంది. ఆ మాటను మన బెంచీ దగ్గరే ఆపడం మన చేతిలో ఉంది.

ఆలోచించండి:
1. గఢ్వాల్ జవాన్లు కాల్చకపోవడానికి కారణాలు ఏమై ఉంటాయి?
2. పెషావర్‌లో వచ్చిన మార్పుకు మతం కాకుండా ఏయే కారణాలు కనిపిస్తున్నాయి?
3. ఒక మతం వారందరినీ నిందించే సందేశం మీ ఫోన్‌కు వస్తే ఏం చేస్తారు?