ఉద్యోగానికి వెళ్తూ వినికిడి లోపం సంగతి ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న: బీటెక్ పూర్తయింది. రెండు చెవులకూ మిషన్లు వాడతాను. ఎదురుగా ఉన్నవాళ్లతో ఇబ్బంది లేదు, ఫోన్‌లోనే తికమక పడతాను. సదరం సర్టిఫికెట్ ఉంది. రెజ్యూమెలో రాస్తే ఎవరూ పిలవరని అమ్మ భయం. రాయాలా, వద్దా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. మనిషిని చూడకుండా కాగితాలు వడపోసే చోట ఆ ఒక్క మాట చూసి పక్కన పెట్టేసేవాళ్లు ఉన్నారు. రెజ్యూమెలో రాసి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. రాయకపోతే మోసం చేసినట్టూ కాదు.

ఫోన్ ఇంటర్వ్యూ దగ్గర లెక్క మారుతుంది. అవతలివారు జావా మీద ఏదో అడుగుతారు. సగమే వినపడుతుంది. రెండుసార్లు 'మళ్లీ చెప్పండి' అన్నాక మూడోసారి అడగడానికి మొహమాటపడి, అంచనాతో ఏదో చెప్పేస్తారు. వినపడలేదని వాళ్లకు తెలియదు కాబట్టి సబ్జెక్టు రాదనుకుంటారు. నాలుగేళ్ల చదువుకు అంతకంటే అన్యాయం ఉండదు. అందుకే కాల్ ఖరారైన రోజే హెచ్‌ఆర్‌కు ఇలా మెయిల్ పెట్టాలి: 'నాకు వినికిడి లోపం ఉంది. ఫోన్‌కు బదులు క్యాప్షన్లు కనిపించే వీడియో కాల్ ఏర్పాటు చేయగలరు.' ఇంతే చాలు. ఆడియోగ్రామ్ జతచేయక్కర్లేదు, చిన్ననాటి జబ్బుల కథా అక్కర్లేదు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని నిబంధనల ప్రకారం 20 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, ఈ వ్యవహారాలు చూడటానికి లైజన్ ఆఫీసర్‌ను పెట్టాలి. దరఖాస్తుకు ముందే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ విధానం ఉందో లేదో చూడండి. అంతమాత్రాన ప్రైవేటు కొలువుకు చట్టం హామీ ఇచ్చిందనుకోవద్దు. 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే. ఆ కోటా కావాలంటే దరఖాస్తులోనే చెప్పాలి. తర్వాత గుర్తుకొచ్చి అడిగితే సాధారణంగా ఒప్పుకోరు.

ఇంకొక్కటి. ఆఫర్ వచ్చాక ఆరోగ్య ఫారంలో సూటిగా అడిగితే 'లేదు' అని రాయొద్దు. తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణం మీద ఉద్యోగానికే ఎసరు రావచ్చు.

ప్రశ్న: సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం కంటే తక్కువ వచ్చింది. వెసులుబాటు అడిగే హక్కు పోయినట్టేనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పోయేది రిజర్వేషన్, వెసులుబాటు అడిగే హక్కు కాదు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బున్న వికాస్ కుమార్ సివిల్స్ పరీక్షకు సహాయకుడిని కోరితే, 40 శాతం లేదని యూపీఎస్సీ కాదంది. తగిన వెసులుబాటుకు ఆ గీత అడ్డు కాకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రశ్న: అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాను. దరఖాస్తుల్లో 'మీకు వైకల్యం ఉందా' అని అడుగుతున్నారు. అక్కడ అలా అడగకూడదు కదా?
- ఒక విద్యార్థి, డాలస్

జవాబు: ఆఫర్ ఇవ్వకముందు వైకల్యం గురించి ఆరా తీయడాన్ని 1990 నాటి అమెరికా దివ్యాంగుల చట్టం (ఏడీఏ) నిషేధించింది. మీరు చూస్తున్నది బహుశా సీసీ-305 ఫారం. ఫెడరల్ కాంట్రాక్టులున్న కంపెనీలు లెక్కల కోసం ఇచ్చేది. నింపడం ఐచ్ఛికం, 'చెప్పదలచుకోలేదు' అనే గడి కూడా ఉంటుంది. ఎంపిక చేసేవారికి అది చూపకూడదు. కాబట్టి ఇంటర్వ్యూకు ఏదైనా ఏర్పాటు కావాలంటే ఆ ఫారం నింపి ఊరుకోకుండా రిక్రూటర్‌ను విడిగా అడగండి.