చేసిన చేతికీ ఒక పేరు

గర్భాలయ ద్వారం ముందు నిలిచిన భక్తుని చూపు అమ్మవారి వైపే సాగుతుంది. ఆ తలుపు రెక్కలను, ఉత్సవ పీఠాన్ని మలచిన వడ్రంగిని తలచేవారు అరుదు. ఈ మరపు ఎంతటి నష్టాన్ని తెచ్చిందో తెలుగు నేల చరిత్రే చెబుతుంది.

ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖపట్టణంలో వర్తకస్థానం నెలకొల్పింది. తరువాతి శతాబ్దంలో అక్కడి కొయ్యపనివారు పాశ్చాత్య నమూనాలను అనుసరించి కుర్చీలు, మేజాబల్లలు, సొరుగుల పెట్టెలు చేశారు. ఆకృతి పరదేశానిది, అలంకారం మాత్రం మన కలంకారీ వస్త్రాలపై అల్లుకొనే పూలతీగ.

ఆ పని ఎంతో ఓర్పుతో కూడినది. ఇరుగుడు వంటి గట్టి కలపలో పూలతీగ ఆకారాన్ని ఉలితో తొలిచి, అదే ఆకారంలో కోసిన ఏనుగు దంతపు రేకును అందులో పొదిగేవారు. దంతంపై సన్నని గీతలు చెక్కి, వాటిని నల్లని లక్కతో నింపేవారు. కలప బాగా ఆరకుంటే, అది కుంచించుకొన్నప్పుడు పొదుగు వదులవుతుంది. కనుక తొందరకు అక్కడ తావు లేదు.

1781లో ఇంగ్లాండు రాజు మూడవ జార్జి, మద్రాసు మాజీ గవర్నరు అలెగ్జాండర్ వించ్ ఆస్తి నుండి దంతపు కుర్చీలను కొని రాణి షార్లెట్‌కు ఇచ్చాడు. అవి విశాఖ పనితనంగా గుర్తింపు పొందాయి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖ పెట్టెలు ఉన్నాయి. కొన్న రాజు పేరు నిలిచింది, అమ్మకానికి వచ్చిన ఇంటి పేరు నిలిచింది. ఉలి పట్టిన వాని పేరు నిలువలేదు.

నేడు దంతపు వ్యాపారం మన దేశంలో నిషిద్ధం. ప్రాణిహింసతో కూడిన ఆ అలంకారం తిరిగి రానవసరం లేదు. నిలుపుకోవలసినది ఆ ఓర్పు, ఆ పనివాని పేరు.

బోరంచకు వచ్చే దాతలకు ఒక విన్నపం. ఏ ఆలయానికైనా తలుపులు, పీఠం, పల్లకి సమర్పించదలచినప్పుడు పండుగ తేదీని చూపి పనివానిని తొందరపెట్టకండి. కలప ఆరేవరకు వేచి ఉండండి. మీ పేరు చెక్కించే చోటనే, మన ప్రాంతంలో వడ్లవారని పిలిచే ఆ పనివాని పేరు, ఊరు, సంవత్సరం, కలప రకం కూడా చెక్కించండి. రేపు మరమ్మతుకు పూనుకొనే వారికి ఏ కలపకు ఏది అతకాలో ఆ పంక్తే తెలుపుతుంది. ఇచ్చిన చేయి, చేసిన చేయి రెండూ అమ్మవారి సేవలోనివే.